ఖేల్ నుంచి రీల్ దాకా: మన నవ్వు ఎవరి మీద?

మన గూడేల్లో ఇప్పుడు హాస్యం వీడియోలు తీయని ఊరు తక్కువ. ఒక ఫోను, ముగ్గురు నలుగురు దోస్తులు, ఎవరింట్లోనో దొరికిన పాత ఖాకీ చొక్కా ఉంటే చాలు, ఆదివారం మధ్యాహ్నానికి ఒక స్కిట్ తయారవుతుంది. సాయంత్రానికి అది యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఉంటుంది. పెద్దవాళ్లు దీన్ని పనిలేని పిల్లల పని అంటున్నారు. చదువుకున్నవాళ్లేమో చూసి నవ్వుకుని పక్కన పెడుతున్నారు. మన కవిత్వం గురించి, మన పాటల గురించి అంతో ఇంతో రాస్తున్నాం, మాట్లాడుతున్నాం. ఈ వీడియోల గురించి మాత్రం మంచి గానీ చెడు గానీ ఒక్క మాట రాయడం లేదు. నా లెక్కలో ఇవాళ మన పిల్లలు ఎక్కువగా చేస్తున్న రచన ఇదే. కథ ఉంది, పాత్రలు ఉన్నాయి, సంభాషణ ఉంది, చూసేవాళ్లు ఉన్నారు. కాగితం మీద లేదని రచన కాకుండా పోదు. రచన అన్నాక విమర్శ కూడా ఉండాలి.

ముందు ఈ దారి ఎక్కడ మొదలైందో చూద్దాం. తెలంగాణలో ఊరి వీడియో అనగానే అందరికీ గుర్తొచ్చేది 'మై విలేజ్ షో'. 2012లో ఇప్పటి జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టాడు. తర్వాత అందులోకి గంగవ్వ వచ్చింది. కూలి పని చేసిన, బీడీలు చుట్టిన మనిషి. చదువు రాదు. సంగతి చెబితే విని, తన మాటల్లో తాను చెప్పేది. ఆమె 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆ కీర్తి సంగతి అట్లా ఉంచితే, ఆ వీడియోలు చేసిన అసలు పని వేరే. తెలుగు సినిమాలో ఎన్నో ఏళ్లు తెలంగాణ యాస రౌడీకో, పనివాడికో, నవ్వించేవాడికో తప్ప కథానాయకుడికి దక్కలేదు. అటు వీ6 'తీన్మార్ వార్తల'లో బిత్తిరి సత్తి, ఇటు ఊళ్లో గంగవ్వ, ఆ యాసను ఎగతాళి నుంచి బయటికి తెచ్చారు. ఆ యాసలోనే పట్నపోళ్లను, లీడర్లను, తమను తాము ఎగతాళి చేసుకున్నారు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైన తర్వాత ఆ వీడియోలు మన గూడేలకూ చేరాయి. మన పిల్లలు అవి చూసి, మేం కూడా తీయగలం అనుకున్నారు. అనుకోవడం మంచిదే.

కాని వాళ్లు నేర్చుకున్నది ఆ వీడియోల దగ్గర ఒక్కటే కాదు. టీవీ స్కిట్లు చూశారు, సినిమాలు చూశారు. రెండూ కలిసిపోయాయి. నేను గొడవపడేది ఆ కలిసిపోయిన దగ్గరే.

మూడు రకాల వీడియోల గురించి చెబుతాను. తీసినవాళ్ల పేర్లు చెప్పను. అందరూ మన పిల్లలే, కొందరు నా దగ్గర ఐదో తరగతి దాకా చదివినవాళ్లు.

మొదటిది ఈకల కిరీటం వీడియో. ఇందులో ఒకడు తలకు నెమలి ఈకలు కట్టుకుంటాడు. మెడలో పూసలు, చేతిలో ఎముకో కర్రో. నోటికొచ్చిన శబ్దాలు చేస్తూ 'దొరా, దొరా' అంటూ చెయ్యి చూసి జాతకం చెబుతాడు. ఇది మన గూడెంలో పుట్టిన పాత్ర కాదు. తెలుగు సినిమా తయారుచేసిన 'కోయదొర' ఇది. కోయలు ఒక జాతి. గోదావరికి రెండు వైపులా ఊళ్లున్న, భాష ఉన్న, వేల్పులున్న జాతి. సినిమావాళ్ల చేతిలో ఆ జాతి పేరు ఒక వేషం పేరైంది, వేర్లమ్మే మనిషి పేరైంది. టీవీ స్కిట్లు ఆ వేషాన్ని అట్లాగే ఎత్తుకున్నాయి. ఇప్పుడు మన గోండు పిల్లలు టీవీలో చూసి అదే వేషం మళ్లీ కట్టుకుంటున్నారు. బయటివాడు మనకు కుట్టిన చొక్కా మనమే కొనుక్కుని తొడుక్కున్నట్టుంది.

ఇందులో ఇంకో బాధ కూడా ఉంది. నెమలి ఈకల టోపీ మనకు నిజంగా ఉంది. దండారిలో గుస్సాడి పెట్టుకునేది. అది పెట్టుకున్నవాడికి నియమం ఉంటుంది. ఆ రోజులన్నీ స్నానం చేయడు, మంచం మీద పడుకోడు. ఆ టోపీని దేవుడితో సమానంగా చూస్తారు. అయితే ఆ గుస్సాడి గంభీరంగా కూర్చోడు సుమా! బూడిద పూసుకుని, తోలు కప్పుకుని, జనం మధ్య దూరి పిల్లలను బెదిరిస్తాడు, పెద్దవాళ్లను ఆట పట్టిస్తాడు, కోతి చేష్టలు చేస్తాడు. అంటే మన దగ్గర దేవుడి పనిలోనే నవ్వుకు చోటుంది. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు సినిమా కోయదొరను పట్టుకోవలసిన అవసరమే లేదు. మర్లవాయి కనకరాజు గుస్సాడి నాట్యానికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మన పిల్లలంతా ఆయన ఫొటో స్టేటస్‌గా పెట్టుకున్నారు. నెల తిరగకముందే అందులో కొందరు ప్లాస్టిక్ ఈకలతో జాతకం వీడియో తీశారు. రెంటికీ సంబంధం ఉందని వాళ్లకు తోచలేదు. అది తోచేలా చెప్పాల్సింది టీచర్లమైన మనమే.

రెండో రకం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇది 'తెలుగు రాని గూడెపోడు' వీడియో. ఆఫీసుకో ఆస్పత్రికో పోయిన మన మనిషి తెలుగు తప్పులు మాట్లాడతాడు. ఆడవాళ్లను 'వాడు' అంటాడు, ఒక మాట అనబోయి ఇంకో మాట అంటాడు. అవతలివాడు తలపట్టుకుంటాడు. వెనక నుంచి రికార్డు చేసిన నవ్వు వస్తుంది, తర్వాత బ్రహ్మానందం ముఖం వస్తుంది. వీడియో అయిపోతుంది. దీనికి మిగతా వాటికంటే ఎక్కువ చూపులు వస్తాయి, ఎందుకంటే మైదాన ప్రాంతం వాళ్లు కూడా చూస్తారు.

అది వచ్చిన వారంలో మా బడిలో జరిగింది చెబుతాను. నాలుగో తరగతి పిల్ల ఒకతి, ఇంట్లో గోండి తప్ప వేరే మాట లేని పిల్ల, అప్పుడప్పుడే తెలుగులో జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. చేపల గురించి పాఠం. లేచి నిలబడి ఏదో చెప్పబోయింది. ఒక మాట తప్పింది. వెనక బెంచీలో ఉన్న ఐదో తరగతి పిల్లలు ఆ వీడియోలోని నవ్వును అచ్చంగా అట్లాగే నవ్వారు. వాళ్లూ గోండు పిల్లలే, కిందటేడు అవే తప్పులు మాట్లాడినవాళ్లే. ఆ పిల్ల కూర్చుంది. దసరా సెలవుల దాకా మళ్లీ నోరు తెరవలేదు. ఆ తప్పు ఎందుకు వస్తుందో టీచర్లకు తెలియాలి. తెలుగు ఏకవచనంలో మగవాళ్లకు ఒక రూపం, మిగతా అన్నింటికీ ఒక రూపం ఉంటుంది. పిల్ల ఇంట్లో విన్న భాష లెక్క ఆమెకుంటుంది. ఆ లెక్కతో ఆమె తెలుగును కొలుస్తుంది. అది తెలివి చేసే పని. దాన్ని తెలివితక్కువగా చూపించి మూడు నిమిషాల్లో నవ్వించడం తేలికే. ఆఫీసులో కూర్చున్నాయన ఇరవై ఏళ్లుగా ఏజెన్సీలో జీతం తీసుకుంటూ ఒక్క గోండి మాట ఎందుకు నేర్చుకోలేదన్నది ఏ వీడియోలోనూ రాలేదు. అసలు నవ్వాల్సిన సంగతి అదే కదా!

మూడో రకం వీడియో ఒకటే చూశాను. దాని గురించి చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఉపాధి హామీ పనికి వచ్చినవాళ్ల ఫొటో రోజుకు రెండుసార్లు యాప్‌లో పెట్టాలని ఒక నియమం వచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్నిచోట్లా తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గూడేల్లో దానితో పడిన తిప్పలు అందరికీ తెలుసు. మా మండలంలో ముగ్గురు పిల్లలు దీని మీద నాలుగు నిమిషాల లోపు వీడియో తీశారు. చెరువు కట్ట దగ్గర కూలీలు గడ్డపారలు పట్టుకుని నిలబడి ఉంటారు. మేటు ఫోను పైకెత్తుతాడు, సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కుతాడు, లేదు. కూలీలందరూ పని వదిలి అతన్ని ఇప్పచెట్టు ఎక్కిస్తారు. చెట్టు మీద ఒక గీత వస్తుంది. కాని చెట్టు మీది నుంచి ఫొటో తీస్తే అందులో ఆకులే కనబడతాయి, మనుషులు కనబడరు. కాబట్టి కూలీలు కూడా ఒక్కొక్కరే చెట్టెక్కుతారు. సాయంత్రమవుతుంది. హాజరు పడుతుంది. మట్టి ఒక్క తట్ట కూడా లేవలేదు. అప్పటిదాకా మాట్లాడకుండా కింద కూర్చున్న ముసలమ్మ అడుగుతుంది: ఇవాళ్టి కూలి మనకు వేస్తారా, చెట్టుకు వేస్తారా?

వెనక నవ్వు లేదు. బ్రహ్మానందం లేడు. ముసలమ్మ లేచి, చీర దులుపుకుని, ఇంటికి నడుస్తుంది. గాలి శబ్దం వినిపిస్తుంది. అంతే.

ఇది ఎందుకు బాగుందో కాస్త ఆగి చూడాలి. మొదటిది, ఇందులో ఎవరూ మూర్ఖులు కారు. మేటు మంచివాడే, కూలీలు తెలివైనవాళ్లే. ప్రతి అడుగూ వాళ్లు సరైన ఆలోచనతోనే వేస్తారు. అయినా చివరికి అందరూ చెట్టు మీద ఉంటారు. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రెండోది, మొత్తం గోండిలో ఉంది. ఫోనులో వినిపించే ఆఫీసు గొంతు ఒక్కటే తెలుగు. కాబట్టి ఇక్కడ పరాయివాడు మన మనిషి కాదు, ఆ గొంతు. రెండో రకం వీడియోను ఇది తిరగేసి పెట్టింది, అది తెలిసి చేశారో తెలియక చేశారో గానీ. మూడోది, పేదతనం ఇక్కడ అడ్డం రాలేదు, పనికొచ్చింది. సెట్టింగు వేసి ఉంటే, మంచి కెమెరా పెట్టి ఉంటే, అది 'గిరిజనుల సమస్యలు' అనే డాక్యుమెంటరీలా ఉండేది. ఫోను ఊగుతుంది, ఎవరి మేకో మధ్యలో అడ్డమొస్తుంది, ఒకడు నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకుంటాడు. చూసేవాడికి అది మన ఊరే అని నమ్మకం కలుగుతుంది. నమ్మకం కలిగిన తర్వాతే ఎగతాళి తగులుతుంది.

సామాన్లు లేకపోవడం వల్ల వచ్చే లాభం ఇంకోటి ఉంది. అధికారి పాత్రకు వాళ్ల దగ్గర సూటు లేదు, కారు లేదు. మరో వీడియోలో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మర్రిచెట్టు కింద వేశారు. మిగతావాళ్లంతా నేల మీద కూర్చున్నారు. ఆ కుర్చీతోనే ఆఫీసంతా వచ్చేసింది. గ్రామసభ చూసిన ఎవరికైనా ఆ కుర్చీ ఏమిటో తెలుసు.

ఈ తెలివి వాళ్లకు ఎక్కడిది? గంగవ్వ వీడియోల నుంచి కొంత వచ్చింది. మిగతాది దండారి నుంచి వచ్చిందని నా నమ్మకం. దీపావళి ముందు రోజుల్లో దండారి జట్టు ఊరి నుంచి ఊరికి విడిది పోతుంది. పగలు నాట్యం, రాత్రి ఖేల్. ఖేల్ అంటే ఆట, నాటిక అనుకోండి. రాసుకున్న మాటలు ఉండవు. మగవాళ్లే ఆడవేషం వేస్తారు, వాళ్లను పోరిక్ అంటాం. నా చిన్నప్పుడు చూసిన ఒక ఖేల్‌లో ఒకడు షావుకారు. పత్తి తూకం వేస్తూ కాలి బొటనవేలితో తక్కెడ నొక్కుతుంటాడు. రైతు ఎంత పత్తి పోసినా ముల్లు లేవదు. చివరికి రైతు తక్కెడలో పత్తి తీసేసి షావుకారునే కూర్చోబెడతాడు. ఇంకో ఖేల్‌లో జంగలాత్ జవాను చెట్లు లెక్క పెట్టడానికి వచ్చి ఇంటింటా కోళ్లు లెక్క పెట్టుకుపోతాడు. మంట వెలుగులో, గుమేల, పెప్రె మోగుతుండగా, దుప్పట్లు కప్పుకుని చూసేవాళ్లం. తక్కెడ కావడిబద్దే, జవాను టోపీ అట్టముక్కే. తక్కువ సరుకుతో ఎగతాళి చేయడం మనకు ఫోను నేర్పలేదు.

అయితే ఖేల్‌కూ రీల్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. ఖేల్ ఆడేది చుట్టాలు, చూసేది చుట్టాలు. ఈ ఏడు వాళ్లు మన ఊరొస్తే, వచ్చే ఏడు మనం వాళ్ల ఊరు పోతాం. హద్దు దాటితే పటేల్ అక్కడే దగ్గుతాడు. వేషం వేసినవాడు తెల్లారి అదే మనుషులతో కలిసి అన్నం తినాలి. అందుకని నవ్వు ఎక్కడ ఆగాలో అందరికీ తెలుసు. రీల్ పోయి ఎవరి ఫోనులో పడుతుందో తెలియదు. చూసేవాడికి మనం చుట్టాలం కాదు. వాడు నవ్వేది మన జోకుకో మన ముఖానికో మనకు తెలియదు. కింద వచ్చే కామెంట్లు చూస్తే మాత్రం కొంచెం తెలుస్తుంది. తాగుబోతు మొగుడి వీడియో మన ఊళ్లో మన మధ్య ఆడితే ఆ ఊళ్లోని ఫలానా మనిషికి చురక. అదే వీడియో బయటికి పోతే 'వీళ్లంతా ఇంతే' అనడానికి సాక్ష్యం. ఈ తేడా పిల్లలకు చెప్పాలి. తాగుడు మీద తీయవద్దని అనడం లేదు. తాగేవాడితో పాటు గుడుంబా సీసా ఎవరి బండి మీద వచ్చిందో కూడా చూపించమంటున్నాను.

ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే. పోరిక్ వేషం వేసినవాడికి దండారిలో మర్యాద ఉంటుంది. అతను బాగా ఆడాలి, బాగా పాడాలి. వీడియోల్లో చీర కట్టిన పిల్లవాడు మాత్రం గొణిగే పెళ్లాం, దెబ్బలు తినే పెళ్లాం, అంతకు మించి ఏమీ ఉండడు. అసలు ఆడపిల్లలు ఎందుకు నటించడం లేదని అడిగితే, కామెంట్లకు భయపడి అని చెప్పారు. నిజమే. మరి గంగవ్వ దగ్గర నేర్చుకోవాల్సింది యాస ఒక్కటే కాదు. వయసు మళ్లిన ఆడమనిషిని మధ్యలో నిలబెడితే ఎవరూ నోరు జారలేరు, ఆమె మాత్రం ఏదైనా అనగలదు. చెట్టు వీడియోలో ముసలమ్మతో ఆ మాట అనిపించడం అందుకే కుదిరింది.

భాష దగ్గరికి వద్దాం. 'సార్, గోండిలో తీస్తే ఎవరు చూస్తారు' అని అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో గోండి మా మాతృభాష అని చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లతో అయిపోదు. ప్రాణహిత, పెన్‌గంగ దాటితే గడ్చిరోలి, చంద్రాపూర్, యవత్మాల్, ఆ పైన ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్. మాట తీరు మారుతుంది, అక్కడివాళ్ల మాట మనకు కొంత అర్థమై కొంత కాదు, అయినా చెట్టెక్కిన మేటు ఎవరికైనా అర్థమవుతాడు. కింద తెలుగు అక్షరాలు వేయండి, మైదానం వాళ్లు కష్టపడి చదువుకోనివ్వండి. ఎన్నేళ్లుగానో మనమే వాళ్ల మాట అర్థం చేసుకుంటూ నవ్వాం. ఇంకో మాట, వీడియో పేరు గుంజాల గోండి లిపిలో కూడా పెట్టవచ్చు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫోనులో రాయవచ్చు. ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు ఎప్పుడిస్తారో ఢిల్లీవాళ్ల ఇష్టం. వీడియో పేరు మన ఇష్టం.

భయం గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. చెట్టు వీడియో పెట్టిన నాలుగు రోజులకు ఎవరో ఫోను చేసి, తీసెయ్యండి, లేకపోతే మీ జాబ్ కార్డులు చూసుకోండి అన్నారట. పిల్లలు తీసేశారు. తర్వాత మళ్లీ పెట్టారు, మళ్లీ తీశారు. ఇంటర్నెట్‌లో రాతల మీద కేసులు పెట్టడానికి వాడిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. కాని గూడెంలో పిల్లవాడిని భయపెట్టడానికి సెక్షన్ ఏమీ అక్కర్లేదు, ఒక ఫోను చాలు. ఇక్కడ కూడా ఖేల్ దారే మంచిదని నా అభిప్రాయం. ఖేల్‌లో షావుకారు ఉండేవాడు గానీ అతనికి పేరు ఉండేది కాదు. జవాను ఉండేవాడు గానీ ఫలానా జవాను కాదు. చూసినవాళ్లు ఎవరికి వాళ్లు పేరు పెట్టుకునేవాళ్లు. మనిషి ఫొటో పెట్టి, ఊరు చెప్పి తిట్టడం ధైర్యంలాగా కనబడుతుంది, కాని దానివల్ల ఆ ఒక్కడు బదిలీ అవుతాడు, కుర్చీ అక్కడే ఉంటుంది.

వీడియోలను దాచుకోవడం కూడా నేర్చుకోవాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పిల్లలు గోండిలో చేసిన చిన్న చిన్న ఆటలు చాలావరకు దానితోనే పోయాయి. ఎవరి దగ్గరా నకలు లేదు. వంద రూపాయలు ఎక్కువైనా ఒక మెమరీ కార్డు కొని బడి బీరువాలో పెట్టండి. మాట స్పష్టంగా వినబడాలంటే రెండో ఫోనులో రికార్డింగ్ పెట్టి మాట్లాడేవాడి చొక్కా జేబులో వేయండి, గాలికి అడ్డంగా ఒక జేబురుమాలు చుట్టండి. చిత్రం ఊగినా ఫరవాలేదు, మాట పోతే మాత్రం వీడియో పోయినట్టే. చెట్టు వీడియోలో ముసలమ్మ మాట మూడుసార్లు వింటే గానీ నాకు తెలియలేదు. అంత మంచి మాట గాలికి పోతే ఎట్లా?

ఆ ముగ్గురు పిల్లలు ఇప్పుడు కొత్తది రాసుకుంటున్నారు. ఈసారి బడి మీదట. పదకొండు గంటలకు బండి దిగి, ముందు తన ముఖం ఫోనుకు చూపించి హాజరు వేసుకుని, తర్వాత పిల్లల ముఖాలు చూసే సార్ మీద. 'మీకు కోపం రాదు కదా సార్' అని అడగడానికి వచ్చారు. గోండిలో తీయండి, పేరు పెట్టకండి, ఈకలు కట్టకండి అన్నాను. కుర్చీ కావాలన్నారు. స్టాఫ్‌రూంలోది తీసుకుపొమ్మన్నాను.